పిల్లల సైకిళ్ళకి ఆయిల్ బ్రేకులు ఎందుకు వద్దంటున్నానంటే



ఇది పెద్ద పోస్టు. మెట్రోలో నిలబడి చదివేది కాదు. ఇంటికెళ్ళి కాఫీ కలుపుకుని కూర్చుని చదవండి. ఎప్పటిలాగే ముందే చెప్పుకుంటున్నా, నా చదువంతా జోలార్‌పేటలో అరవ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ పక్కన కూర్చుని చందమామలో కూడబలుక్కుని నేర్చుకున్నవే. ఒత్తు పోయినా దీర్ఘం పోయినా క్షమించండి. లెక్క పోతే మాత్రం క్షమించొద్దు, కింద రాయండి.

విషయం మీకు తెలిసిందే. ములబాగల్ వైపు పల్లెల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి సంఘం తరఫున సైకిళ్ళు ఇద్దామని తీర్మానం చేశాం. మంచి తీర్మానం. నేనూ చెయ్యెత్తాను. పోయిన ఆదివారం రెండు కొటేషన్లు వచ్చాయి. సైకిలు ఒకటే, ఫ్రేము ఒకటే, గేర్లు ఒకటే. తేడా బ్రేకులో. రిమ్మును పట్టుకునే వైరు బ్రేకు, అంటే వి-బ్రేకు ఉన్నది 12,500 రూపాయలు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకు ఉన్నది 17,000. కమిటీలో ఎక్కువమంది, "ఇచ్చేదేదో మంచిదే ఇద్దాం, పేదపిల్లలని తక్కువరకం ఇచ్చామనిపించుకోకూడదు" అన్నారు. ఆ మనసుకి దండం పెడతాను. నేను లేచి, వైరు బ్రేకే ఇద్దాం అన్నాను. మన ఐటీ తమ్ముడొకాయన నవ్వుతూ, "అంకుల్ ఇంకా వ్యాక్యూమ్ బ్రేకు కాలంలోనే ఉన్నారు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. టైమైపోయి మీటింగు ముగిసింది. వచ్చే ఆదివారం ఓటు.

తమ్ముడూ, నువ్వు సరదాగానే అన్నావు, నాకు కోపమేమీ లేదు. కానీ వ్యాక్యూమ్ బ్రేకు పేరు ఎత్తావు కాబట్టి అక్కడికే వస్తాను. దానికి ముందు ఒక గందరగోళం తీర్చాలి.

మీటింగులో సగంమంది "డిస్కు" అన్నా "హైడ్రాలిక్" అన్నా ఒకటే అనుకుని మాట్లాడారు. అవి రెండు వేరువేరు ప్రశ్నలు. బ్రేకు ఎక్కడ పట్టుకుంటుంది, రిమ్మునా, చక్రం మధ్యలో ఉండే డిస్కు ప్లేటునా? ఇది మొదటి ప్రశ్న. మీ చేతి బలం అక్కడిదాకా దేని ద్వారా పోతుంది, వైరు ద్వారానా, నూనె ద్వారానా? ఇది రెండోది. వైరుతో పనిచేసే డిస్కు బ్రేకులు బోలెడు. మన అపార్టుమెంటు బేస్‌మెంటులో ఉన్న చవక డిస్కు సైకిళ్ళలో ముప్పాతిక వంతు అవే, వెళ్ళి చూడండి. లివరు దగ్గర నుంచి వచ్చే గొట్టం కాలిపరు దగ్గర ఆగి, లోపలి నుంచి సన్న ఇనుప వైరు బయటికి కనబడితే అది వైరు బ్రేకు. నూనెతో పనిచేసి రిమ్మును పట్టుకునేవీ ఉన్నాయి, జర్మనీలో మాగురా కంపెనీ 1987లోనే అలాంటివి తెచ్చింది. కాబట్టి "డిస్కు కావాలి" అని చెయ్యెత్తినవాళ్ళు దేనికి చెయ్యెత్తారో ఒకసారి చూసుకోవాలి. నా తగువు డిస్కుతో కాదు, ప్రధానంగా నూనెతో.

వైరు బ్రేకు సంగతి అందరికీ తెలుసు. పై కేసింగు గట్టిగా నిలబడుతుంది, లోపలి వైరు లాగుతుంది. బౌడన్ అనే ఆయన 1896లో పేటెంటు తీసుకున్న పద్ధతి, ఇప్పటికీ అదే. అందుకే దాన్ని బౌడన్ కేబుల్ అంటారు. ఆయిల్ బ్రేకులో లివరు లోపల చిన్న పిస్టను ఉంటుంది. అది నూనెను తోస్తుంది, నూనె సన్న గొట్టంలోంచి పోయి అవతల కాలిపరులో రెండు పిస్టన్లను తోస్తుంది, అవి ప్యాడ్లను డిస్కుకి అదుముతాయి. స్కూల్లో చదివిన పాస్కల్ సూత్రమే. నూనెను నొక్కితే అది కుంచించుకుపోదు కాబట్టి వేలి బలమంతా అవతలికి చేరుతుంది. గాలి కుంచించుకుపోతుంది కాబట్టి నూనెలో గాలిబుడగ చేరితే బలం ఆ బుడగలోనే అణిగిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఆయిల్ బ్రేకు గొప్పతనం నేను కాదనను. కాదంటే అబద్ధమవుతుంది. ఒక వేలితో నొక్కితే చాలు. ఎంత నొక్కితే అంతే ఆగుతుంది, చక్రం బిగుసుకుని జారిపోవడం తక్కువ. ప్యాడు అరిగేకొద్దీ పిస్టను తనంతట తాను ముందుకి జరుగుతుంది, మనం ఏమీ తిప్పనక్కర్లేదు. వానలో, బురదలో డిస్కు బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకే లేచి నందికొండకి పోయే మన కుర్రాళ్ళ బృందం ఉంది కదా, వాళ్ళకి నేను ఆయిల్ బ్రేకే వాడమంటాను. 1,478 మీటర్ల ఎత్తు కొండ మీంచి ఏడెనిమిది కిలోమీటర్లు వంపుల మీద వంపులు దిగుతున్నప్పుడు వేళ్ళు పీకకుండా ఉండాలంటే అదే మేలు. వాళ్ళ దగ్గర డబ్బుంది, బ్లీడింగ్ చేసే షాపుంది, చెడిపోతే ఇంకో సైకిలుంది. ఏదీ లేకపోతే ఊబర్ ఉంది.

పాత రాడ్ బ్రేకు సైకిలును పొగడడానికీ నేను రాలేదు. మా నాయన హెర్క్యులిస్ తొక్కినవాణ్ణి నేను. అంబత్తూరులో తయారైన బండి, ఏనుగంత బరువు. వానాకాలంలో ఆ మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టినా ఒకటే, దేవుడికి దండం పెట్టినా ఒకటే. తడిసిన క్రోమియం మీద రబ్బరు జారుతుంది. కాళ్ళు నేలకి రాసి ఆపిన రోజులున్నాయి, చెప్పు అడుగులు అరిగిపోయి అమ్మ చేత తిట్లు తిన్న రోజులున్నాయి. కాబట్టి పాతదంతా బంగారం అనే ముసలివాడి మాటగా దీన్ని తీసుకోకండి. కొటేషన్లో ఉన్న వి-బ్రేకు 1996లో షిమానో తెచ్చిన రకం, అల్యూమినియం రిమ్ము మీద పనిచేసేది. అది వేరే జాతి.

ఇప్పుడు వ్యాక్యూమ్ బ్రేకు దగ్గరికి వద్దాం.

నేను మెకానిక్కుని కాదు, గుమాస్తాని. క్యారేజ్ అండ్ వ్యాగన్ ఆఫీసులో బ్రేకు బ్లాకుల ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు రాసిన చెయ్యి ఇది. సదరన్ రైల్వేలో చేరాను. 2003లో మా బెంగళూరు డివిజను సౌత్ వెస్టర్న్‌లోకి పోయింది, లెటర్‌హెడ్ మారింది గానీ ఇండెంటు మారలేదు. పిట్ లైనులో పనిచేసేవాళ్ళ పక్కన టీ తాగుతూ ముప్పై ఏళ్ళు గడిపితే గుమాస్తాకి కూడా నాలుగు ముక్కలు వస్తాయి.

వెస్టింగ్‌హౌస్ అనే అమెరికన్ 1869లో రైలుకి గాలి బ్రేకు పెట్టాడు. ఇంజనులోంచి గాలిని గొట్టంలోకి తోస్తే బ్రేకు పడుతుంది. అద్భుతం. కానీ గొట్టం ఊడితే? గాలి పోతుంది, బ్రేకు ఉండదు. సరిగ్గా అవసరమైనప్పుడే ఉండదు. ఆయన ఊరుకోలేదు. 1872లో మొత్తం తిరగేశాడు. గొట్టంలో ఎప్పుడూ గాలి నిండుగా ఉండాలి, గాలి తగ్గితే బ్రేకు పడాలి. ఇవాళ మీరెక్కే రైలులో బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. అది ఉన్నంతసేపే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. మీరు చైను లాగితే జరిగేదేమిటి? ఆ గాలి కొంత బయటికి పోతుంది, అంతే. బండి రెండుగా తెగిపోయినా రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి. మా పాత వ్యాక్యూమ్ బ్రేకుదీ ఇదే తెలివి. అక్కడ శూన్యం చెడితే బ్రేకు పడుతుంది. తమ్ముడు ఎగతాళి చేసిన ఆ వ్యాక్యూమ్ బ్రేకు చెడిపోతే బండి ఆగిపోతుంది గానీ పారిపోదు.

ఈ తెలివి లేని బ్రేకుతో ఏమవుతుందో 1889 జూన్‌లో ఐర్లండులోని ఆర్మా దగ్గర చూశారు. సండే స్కూలు పిల్లలు, పెద్దలు ఎక్కిన విహారయాత్ర రైలు. ఎత్తు ఎక్కలేక బండి ఆగిపోయింది. సగం పెట్టెలు విడదీశారు. వాటి బ్రేకు ఇంజనుతో సంబంధం తెగితే వదిలేసే రకం. వెనక పెట్టెలు పల్లంలోకి జారి, వెనకొస్తున్న రైలును గుద్దాయి. 80 మంది దాకా పోయారు, చాలామంది పిల్లలు. అదే ఏడు బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, ప్యాసింజరు రైళ్ళకి తనంతట తాను పడే బ్రేకు ఉండి తీరాలని.

సైకిలు గురించి చెప్పమంటే ఐర్లండుకి పోయాడేమిటి అనుకుంటున్నారా? విషయం ఇక్కడే ఉంది. సైకిలు బ్రేకు, వైరుదైనా నూనెదైనా, 1869 నాటి రకమే. వైరు తెగినా బ్రేకు లేదు, నూనె కారినా బ్రేకు లేదు. రెండూ చెడితే పారిపోయే రకాలే. అలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఏది రెండడుగులు ముందు ఆపుతుంది" అని కాదు. "ఏది చెడేముందు చెప్పి చెడుతుంది, చెడ్డాక ఆ ఊళ్ళో ఎవరు బాగుచేస్తారు" అని. కమిటీలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

వైరు చెప్పి చెడుతుంది. అది ఒక్క తీగ కాదు, సన్న పోగులు పేనిన తాడు. లివరు లోపల గుండు ఉండే చోట ఒక్కో పోగూ తెగుతుంది. తెగిన పోగు వేలికి గుచ్చుకుంటుంది, కంటికి కనబడుతుంది. లివరు బరువెక్కుతుంది, కరకరమంటుంది. రబ్బరు అరిగితే లివరు రోజుకి రొవ్వంత లోపలికి వస్తుంది. పన్నెండేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది, బ్రేకు లూజయిందని. వేళ్ళతో మర నాలుగు చుట్లు తిప్పితే మళ్ళీ సరి.

ఆయిల్ బ్రేకు చెప్పదా అంటే, చెబుతుంది. కానీ తెలిసినవాడికే అర్థమయ్యే భాషలో. ప్యాడు అరుగుతున్న సంగతి లివరులో తెలియదు, పిస్టను ముందుకి జరిగి సర్దేసుకుంటుంది కాబట్టి. ఇందాక నేను పొగిడిన గుణమే ఇక్కడ దొంగలా మారుతుంది. రైలు పెట్టెల్లోనూ స్లాక్ అడ్జస్టరు అని ఒకటుంది, బ్లాకు అరిగేకొద్దీ ఖాళీని అదే సర్దుతుంది. అది ఉంది కదా అని మావాళ్ళు బ్లాకులు చూడడం మానేశారా? లేదు. మనిషి వంగి, కింద దూరి, టార్చి వేసి చూస్తాడు. సైకిలు డిస్కు ప్యాడు మీద పూత అర మిల్లీమీటరుకి వస్తే మార్చాలి. అర మిల్లీమీటరు ఎంతుంటుందో ఒకసారి స్కేలు మీద చూడండి. ఆ పల్లెలో ఎవరు టార్చి వేసి చూస్తారు?

ఇంక నూనెలో గాలి చేరితే లివరు మెత్తబడుతుంది. గబగబా రెండుసార్లు నొక్కితే మళ్ళీ గట్టిపడుతుంది. పిల్లలు దీన్ని ఎంత బిరీన నేర్చుకుంటారో! "మా సైకిలు బ్రేకు రెండుసార్లు కొట్టాలి సార్" అంటారు, అదేదో దాని స్వభావమైనట్టు. హెచ్చరికను అలవాటుగా మార్చేసుకున్నారన్నమాట. మూడోసారి కొట్టే టైము లేని రోజు ఒకటి వస్తుంది.

ఈ మాటలు నేను ఊహించి రాయడం లేదు. ఇప్పుడు చెప్పేది మన సంఘానికి కాస్త కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను.

రెండేళ్ళ కిందట మనం ఒక పాపకి సైకిలు ఇచ్చాం. ఫోటో మన గ్రూపులో ఇంకా ఉంది, పూలదండ వేసిన సైకిలు, పక్కన మనమంతా. దాత ఒకరు ముచ్చటపడి హైడ్రాలిక్ డిస్కుదే కొనిచ్చారు. ఈ సంక్రాంతికి మా బంధువుల ఊరికి పోతూ దారిలో ఆ పల్లెలో ఆగాను. సైకిలు ఎక్కడుందమ్మా అంటే పాప మాట్లాడలేదు. పశువుల కొట్టం గోడకి ఆనించి ఉంది. సీటు మీద కోడి కూర్చుని ఉంది.

జరిగింది ఇది. ముందు బ్రేకు లివరు హ్యాండిలుకి ఆనుకుపోవడం మొదలైంది. ఊళ్ళో పంక్చర్లు వేసే మనిషి చూసి, నా వల్ల కాదన్నాడు. నిజాయితీ గల మనిషి. పాప నాయన ట్రాక్టరులో వేసుకుని టౌనులో మోటారుసైకిల్ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాడు. మోటారుసైకిలుకీ హైడ్రాలిక్ బ్రేకే కదా, ఆయన తన దగ్గరున్న బ్రేకు ఆయిలు పోశాడు. వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత లివరు నొక్కితే వెనక్కి రావడం మానేసింది. ముందు చక్రం పట్టేసుకుంది, తొయ్యాలన్నా కదలదు.

ఆ మెకానిక్కు తప్పు చేశాడా? మోటారుసైకిళ్ళలో పోసేది డాట్ ఆయిలు, డాట్ 3, డాట్ 4 అని సీసా మీద ఉంటుంది. సైకిలు బ్రేకుల్లో కొన్ని కంపెనీలవి డాట్‌తో నడుస్తాయి, చాలా కంపెనీలవి మినరల్ ఆయిలుతో నడుస్తాయి. షిమానో, టెక్ట్రో, మాగురా అన్నీ మినరల్ ఆయిలే. ఒకదాని సీళ్ళు ఇంకోదాన్ని తట్టుకోవు. దీనిలో అది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బో మెత్తబడో చెడిపోతాయి. ఏ ఆయిలు పోయాలో లివరు మూత మీద రాసే ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోనులో ఫోటో తీసి, పెద్దది చేసి చదివాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆయన అనుభవం ఉన్నవాడు, తెలిసిన పని చేశాడు. తెలియని వస్తువును ఆ ఊరికి పంపింది మనం.

నన్ను ఎక్కువ బాధపెట్టింది సైకిలు కాదు. "మరి మాకు ఒక ఫోను చెయ్యొచ్చు కదయ్యా" అంటే ఆ నాయన తల గోక్కుంటూ, "ఇచ్చినోళ్ళ ముందు ఏమని చెప్పేది సార్, నిలుపుకోలేకపోయినామని అనుకుంటారు కదా" అన్నాడు. పాప మళ్ళీ నాలుగు కిలోమీటర్లు నడిచే బడికి పోతోంది. మన వార్షిక నివేదికలో మాత్రం "సైకిలు పంపిణీ: విజయవంతం" అని ఉంది. ఆ వాక్యం టైపు చేసింది కూడా నేనే. పుచ్చుకున్నవాళ్ళు ఫిర్యాదు చెయ్యరు. వాళ్ళు ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం. మీటింగులో కార్యదర్శి గారు "పోయినసారి ఇచ్చినదాని మీద ఒక్క కంప్లయింటు రాలేదు" అన్నప్పుడు నేను లేచింది అందుకే.

ఇంకా కొన్ని చిన్న సంగతులున్నాయి. పల్లెలో పంక్చరు వేసేవాడు మొదట చేసే పని సైకిలును తలకిందులు చెయ్యడం. హ్యాండిలూ సీటూ నేల మీద, చక్రాలు ఆకాశంలో. వందేళ్ళ నుంచి మన దేశంలో పంక్చరు వేసే పద్ధతి అదే. లివరు దగ్గర నూనె గదిలో కొంచెం గాలి ఉన్న ఆయిల్ బ్రేకును అలా తిప్పితే ఆ గాలి గొట్టంలోకి పాకుతుంది. లేపి నిలబెట్టాక లివరు మెత్తన. ఇంకోటి: చక్రం ఊడదీసి పక్కన పెట్టినప్పుడు చుట్టూ మూగిన పిల్లల్లో ఎవడో ఒకడు లివరు నొక్కకుండా ఉంటాడా? నొక్కితే మధ్యలో డిస్కు లేదు కాబట్టి పిస్టన్లు ముందుకి వచ్చేసి ప్యాడ్లు దగ్గరపడతాయి. మళ్ళీ చక్రం ఎక్కదు. ప్యాడ్ల మధ్య పెట్టాల్సిన ప్లాస్టిక్కు ముక్క ఒకటి కొత్తలో పెట్టెలో వస్తుంది, దాన్ని మన పిల్లలు మొదటి రోజే ఆటవస్తువు చేస్తారు. ఇంక చైనుకి నూనె వేసేటప్పుడు రెండు చుక్కలు డిస్కు మీద పడితే ప్యాడ్లు పీల్చుకుని కీచుమని అరవడం మొదలెడతాయి. ఆ ప్యాడ్లకి పనికొచ్చేంత పట్టు మళ్ళీ రాదు. ఇది వైరు డిస్కుకీ వర్తిస్తుంది, నూనె తప్పు కాదు, న్యాయంగా చెప్పాలి. రిమ్ము బ్రేకుకైతే సబ్బునీళ్ళ గుడ్డ చాలు.

"మధ్యేమార్గంగా వైరు డిస్కు ఇద్దాం" అని ఒకరిద్దరు ఫోను చేశారు. చవకరకం వైరు డిస్కుల్లో ఒక పక్క ప్యాడే కదులుతుంది, డిస్కును వంచి అవతలి ప్యాడుకి ఆనిస్తుంది. కదలని ప్యాడును అప్పుడప్పుడు అలెన్ కీతో సర్దాలి. సర్దకపోతే ఒకవైపే అరుగుతుంది. బడి గోడ పక్కన నలభై సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడేస్తారు, డిస్కు ప్లేటు వంగిందంటే చక్రం తిరిగినప్పుడల్లా టింగు టింగు. ఆయిల్ బ్రేకు కంటే నయమే. కానీ ఆ ఊరికి వి-బ్రేకు ఇంకా నయం.

వచ్చిన వాదనలకి జవాబులు చెబుతాను.

"మోటారుసైకిళ్ళకి, కార్లకి, లారీలకి అన్నిటికీ హైడ్రాలిక్కే కదా, అవి పల్లెల్లో తిరగడం లేదా?" తిరుగుతున్నాయి. వాటి నూనె ఊరూరా దొరుకుతుంది, వాటి మెకానిక్కు ఊరూరా ఉన్నాడు, ఎంత నూనె ఉందో చూసుకోవడానికి కిటికీ ఉంది. సైకిలు బ్రేకులో మొత్తం నూనె కొన్ని చెంచాలు, కొద్దిగా కారినా కథ ముగుస్తుంది. పైగా పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసే టీవీఎస్ ఎక్సెల్‌కి ఏ బ్రేకు ఉంది? డ్రమ్ము. నూనె లేదు.

"హైడ్రాలిక్‌కి మెయింటెనెన్సే అక్కర్లేదు, సీల్ చేసి ఉంటుంది." నిజమే, మొదటి ఏడాది రెండేళ్ళు వైరు కంటే తక్కువే చూసుకోవచ్చు. కానీ ఆ సైకిలు ఎన్నేళ్ళు తిరగాలి? అక్క తర్వాత తమ్ముడు, తమ్ముడి తర్వాత చిన్నాన్న కొడుకు. ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు. మనం రెండేళ్ళ సుఖానికి 4,500 ఎక్కువ కడుతున్నాం. వైరుకి తరచుగా చిన్న పని ఉంటుంది, ఎవరైనా చెయ్యగలిగిన పని. నూనెకి అరుదుగా పెద్ద పని ఉంటుంది, సిరంజీ, గొట్టం, సరైన నూనె, తెలిసిన మనిషి, నాలుగూ ఉంటేనే అయ్యే పని. బెంగళూరులో ఈ నాలుగూ ఉన్నాయి. అక్కడ ఒక్కటీ లేదు.

"చిన్నపిల్లల చేతికి వైరు లివరు గట్టిగా ఉంటుంది." ఈ వాదన వేసిన అమ్మకి నా నమస్కారం, నన్ను ఆలోచింపజేసిన వాదన ఇది ఒక్కటే. మంచి వి-బ్రేకు, తుప్పు పట్టని వైరు, లివరు దూరం తగ్గించే చిన్న మర ఉంటే సరిపోతుందని నా అనుభవం. తుప్పు పట్టిన వైరుతో మాత్రం మీరన్నది నిజం. అందుకే ఏడాదికోసారి వైరు మార్చడం మన లెక్కలో ఉండాలి.

"ఎర్రమట్టిలో రిమ్ము అరిగిపోతుంది." అరుగుతుంది. ఒప్పుకుంటున్నాను. రిమ్ము మార్చడం ఆ ఊరి సైకిల్ అంగడాయనకి చేతనవును.

ప్రభుత్వాలు ఏమిచ్చాయో కూడా చూడండి. కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి సైకిళ్ళిచ్చారు. తమిళనాడులో అంతకుముందే మొదలైంది. ఆంధ్రాలో బడికొస్తా అని హైస్కూలు ఆడపిల్లలకి ఇచ్చారు. ఆ సైకిళ్ళ నాణ్యత మీద తిట్టనివాళ్ళు లేరు, నేనూ తిట్టాను. కానీ ఆ లక్షల సైకిళ్ళ వల్ల ఊరూరా సైకిల్ అంగడిలో ఏ సామాను నిలవ ఉందో అదే మన పిల్లలకి ఆధారం. వైరు, కేసింగు, రబ్బరు. ఆ అంగడికి పోయి మినరల్ ఆయిలు అడగండి, కడుపునొప్పికా అంటాడు.

ఇప్పుడు లెక్క. 15 సైకిళ్ళకి తేడా 4,500 చొప్పున 67,500 రూపాయలు. దానితో ఇంకో ఐదు వి-బ్రేకు సైకిళ్ళు 62,500కి వస్తాయి. అంటే ఇరవై మంది పిల్లలు. పైన 5,000 మిగులుతుంది. ఆ ఐదువేలకి బ్రేకు వైర్లు, కేసింగు, రబ్బర్లు, రెండు పానాలు, ఒక వైర్ కట్టరు కొని ఒక డబ్బాలో పెట్టి ఆ బడి పీఈటీ సారుకి ఇద్దాం. వైర్లు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. గేరు కేసింగును బ్రేకుకి వాడనివ్వకూడదు. పైకి ఒకేలా ఉంటాయి గానీ గేరు కేసింగు లోపల తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు గట్టిగా పట్టినప్పుడు పగిలిపోవచ్చు. బ్రేకుది స్ప్రింగులా చుట్టి ఉంటుంది. ఒక ముక్క కోసి చూస్తే తెలిసిపోతుంది. పంపిణీ రోజు ఫోటోలకి ఇచ్చే గంటలో పావుగంట నాకివ్వండి. వైరు ఎలా చూసుకోవాలో, మర ఎటు తిప్పాలో పిల్లలకి నేను చూపిస్తాను. కన్నడంలో అడిగితే కన్నడంలో, తెలుగులో అడిగితే తెలుగులో.

కొటేషన్లో కమిటీ సరిచూడాల్సింది ఒకటుంది. వి-బ్రేకు సైకిలు అంటే రిమ్ము అల్యూమినియందేనని రాతపూర్వకంగా తీసుకోండి. తళతళలాడే స్టీలు రిమ్ము పెట్టి పంపిస్తే నేనే మొదట గొడవ చేస్తాను. అప్పుడు మా నాయన హెర్క్యులిస్ కథ మళ్ళీ మొదలవుతుంది.

ఆ పాప సైకిలు సంగతి అడుగుతారేమో. ఫిబ్రవరిలో దాన్ని మా ఇంటికి తెచ్చాను. లోపలి సీళ్ళు విడిగా దొరకవు, మొత్తం సెట్టు మార్చాలి అన్నారు షాపులో. ఆ ఫ్రేముకి వి-బ్రేకు బిగించే బొడిపెలు లేవు. అందుకని కాస్త మంచిరకం వైరు డిస్కు కాలిపర్లు, లివర్లు, వైర్లు కొని మా అబ్బాయీ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని బిగించాం. ఉగాదికి ముందు తిరిగి ఇచ్చేశాం. పోయిన వారం నాయన ఫోను చేశాడు, ఈసారి తనంతట తానే. వెనక వైరు తెగిందట, ఊళ్ళోనే వేయించాడట, యాభై రూపాయలు అయిందట, చెప్పమన్నానని చెప్పాడట.

పాత లివరు నా దగ్గరే ఉంది, ఆదివారం తెస్తాను, అందరూ నొక్కి చూడండి. సామాన్ల బిల్లు కూడా ఉంది. దాన్ని సంఘం ఖాతాలో రాయలేదు. రాయాలో వద్దో కోశాధికారి గారు చెప్పాలి.